నెక్కొండ బండికి మూడు సూదులు

శ్రావణంలో రెండో మంగళవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నేను మా ఆయనను ఒక మాట అన్నాను. మా షాపు గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది. ఆ ఐదు తీసేసి చెబుతున్నాను. ఆ మాట ఆయన ఇప్పటిదాకా ఒక్కసారే ఎత్తాడు. నేను ఎవరి దగ్గరా ఎత్తలేదు. యాభై రెండేళ్ళకు అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నోటితో చెప్పనిది కాగితం మీద పెట్టే అలవాటు ఈ మధ్యనే అయింది.

హనుమకొండ నుంచి వరంగల్ పోయే రోడ్డు పక్కన మాకు ఒక షట్టర్ షాపు ఉంది. మోటర్ సైకిళ్ళు బాగు చేస్తాం. చేసేది ఆయన, ముప్పై ఏళ్ళుగా. పిల్లలు ఎవరి బతుకు వాళ్ళు చూసుకోవడం మొదలయ్యాక నేను కూడా పొద్దున వంట కాగానే షాపుకు పోవడం మొదలుపెట్టాను. విప్పిన సామాను పెట్రోలులో కడగడం, గుడ్డ మీద వరుసగా పెట్టడం, ఎదురు దుకాణంలో పార్టులు తేవడం నా పని. ఆయనకు చదువు రాదు. ఏ డబ్బాలో ఏముందో డబ్బా రంగును బట్టీ, దాని మీద పడిన సొట్టను బట్టీ చెప్పేవాడు. నాకు అక్షరాలు వచ్చిన ఏడాది డబ్బాలన్నిటి మీదా పేర్లు రాసి అతికించాను. ఆయన ఒకసారి చూసి, "ఇగ డబ్బలు గూడ మాట్లాడుతయన్నట్టు," అని నవ్వాడు. మళ్ళీ వాటి వంక చూడలేదు.

చైత్రంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. పొద్దున చాయ్ తాగుతూ ఉంటే గ్లాసు జారి ఒళ్ళో పడింది. వేడి చాయ్ తొడ మీద పడినా ఆయన ఉలకలేదు. అప్పుడు నాకు అర్థమైంది. దవాఖానలో కొన్నాళ్ళు ఉండి ఇంటికి వచ్చాం. ఎడమ చేతికి పట్టు పోయింది. ఎడమ కాలు కొంత ఈడుస్తాడు. మాట మందమైంది, కొత్తవాళ్ళకు రెండోసారి చెప్పాలి. మూతి ఎడమ పక్క కిందికి జారింది. ఆ పక్క చెంపకు స్పర్శ లేదు. ఈగ వాలినా తెలియదు.

ఇంటికి పంపేటప్పుడు కసరత్తులు నేర్పే అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. బుగ్గలు ఉబ్బించాలి, గొట్టంతో నీళ్ళు పీల్చాలి, పెదవులు బిగించి పట్టాలి, అని వరుసగా రాసి ఉంది. ఇద్దరిలో చదవగలిగేదాన్ని నేనే. కూడబలుక్కుని చదివి చెప్పాను. అందులో ఒక లైను ఉంది: ఇవన్నీ అద్దం ముందు కూర్చుని చేయాలి. ఆ లైను నేను చదవలేదు. ఇంట్లో గోడకు ఉన్న అద్దం అంతకు ముందు రోజే తీసి బీరువా వెనక పెట్టాను. గడ్డం నేనే గీసేదాన్ని. చదువు రాని మనిషికి కాగితం చదివి చెప్పేవాళ్ళు ఏం చెబితే అదే కాగితంలో ఉన్నట్టు. ఇంతకు ముందు నాకు ఎంతమంది ఎన్ని లైన్లు మింగి చెప్పారో నాకు తెలియదు. నేను మాత్రం ఒకటి మింగాను.

ఇంకొకటి కూడా చేశాను. ఆయన చాయ్ తాగినా, నీళ్ళు తాగినా, ఎడమ మూల నుంచి కారేది. ఆయనకు తెలిసేది కాదు. నేను పక్కన కూర్చుని, అది గడ్డం దాకా రాకముందే కొంగుతో తుడిచేదాన్ని. మాట్లాడుతూనే, వేరే వైపు చూస్తూనే తుడిచేదాన్ని. రోజుకు ఎన్నిసార్లో. చెంపకు స్పర్శ లేదు కాబట్టి నేను తుడవడం కూడా ఆయనకు సగం తెలియదు. అలా నాలుగు నెలలు గడిచాయి.

ఆ నెలల్లో నాకు ఏడుపు రాలేదు. వచ్చిపోయేవాళ్ళు నా మొహం చూసి, గట్టి మనిషి అనుకున్నారు. గట్టితనం ఏమీ లేదు. కూరలో ఉప్పు పడిందో లేదో నాకే తెలిసేది కాదు. రెండుసార్లు వేసిన రోజులున్నాయి. ఆయన ఫ్యాన్ వంక చూస్తూ పడుకునేవాడు. నేను ఆయన వంక చూస్తూ కూర్చునేదాన్ని. షాపు తాళం వేసే ఉంది.

శ్రావణం మొదట్లో నెక్కొండ ఆసామి ఫోన్ చేశాడు. ఆయన మిర్చి పండించే రైతు. మా ఆయనకు పాత గిరాకీ. తన పెద్ద బిడ్డ పుట్టిన ఏడాది కొన్న టూ-స్ట్రోక్ బండి ఈ ఆసామి దగ్గర ఉంది. ఆ బిడ్డకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. బండి ఇంకా నడుస్తోంది. దాన్ని మా ఆయన తప్ప ఎవరూ విప్పలేదు. ఆ బండి కార్బొరేటర్ నుంచి పెట్రోలు కారుతోందని, ఎండాకాలం నుంచీ కారుతూనే ఉందని, ఉస్తాద్ లేచేదాకా ఆగానని చెప్పాడు. బండి ఆపిన చోటల్లా ట్యాంకు కింది పెట్రోలు కాక్ బంద్ చేసుకుని, మళ్ళీ పోయేటప్పుడు తిప్పుకుంటున్నాడట. ఇంట్లో వాళ్ళు దాన్ని పొయ్యి ఉన్న వైపు రానివ్వడం లేదట.

ఫోన్ పెట్టేసి మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత, మళ్ళీ ఫోన్ చేసి మంగళవారం రమ్మని నన్ను చెప్పమన్నాడు.

మంగళవారం పొద్దున అంగీ తొడుగుతున్నప్పుడు నాతో అన్నాడు.

"ఇయ్యాల ఈ బండి నా చేతితోని అయితే షాపు నడుపుత. కాకుంటే షట్టర్ గుంజి తాళమేసుడే. మల్ల నన్ను అడగొద్దు."

నేను గుండీలు పెడుతున్నాను. సరే అన్నాను. ఆయన ఊరికే అనే మనిషి కాదు. బీడీ మానేస్తానని ఒక్కసారే అన్నాడు, ఆ పూటే మానేశాడు. తాళం వేస్తే వేసినట్టే. తర్వాత మిగిలేది ఆ ఫ్యాన్, ఆ మంచం, పక్కన నేను.

నెక్కొండ ఆసామి తొమ్మిదిన్నరకు వచ్చాడు. మోకాలి కింద నుంచి ప్యాంటంతా పెట్రోలు వాసన. మా ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. మూతి వంక చూసి, వెంటనే బండి వంక చూశాడు. అందరూ అలాగే చేసేవాళ్ళు.

"ఏం ఫికర్ లేదు ఉస్తాద్. తొందర లేదు. జర నిమ్మళంగనే చెయ్యి," అన్నాడు.

కార్బొరేటర్‌ను మా దగ్గర అందరూ కార్పేటర్ అంటారు. దాని అడుగున ఒక చిన్న గిన్నె ఉంటుంది. ట్యాంకు నుంచి పెట్రోలు అందులోకి దిగుతుంది. గిన్నె నిండితే అందులో తేలే ఫ్లోట్ పైకి లేచి, ఒక చిన్న సూదిని పెట్రోలు వచ్చే రంధ్రానికి అడ్డం నెడుతుంది. రంధ్రం మూసుకుంటుంది. సూది మొన అరిగితే సరిగ్గా మూసుకోదు. పెట్రోలు వస్తూనే ఉంటుంది, పొంగి బయటికి కారుతుంది. చిన్న పని. ఆయన మంచిగా ఉన్న రోజుల్లో చాయ్ చల్లారేలోపు చేసేవాడు.

ఆ రోజు విప్పడానికే ముప్పావు గంట పట్టింది. ఎడమ చేతితో పట్టుకోవలసినవన్నీ నేను పట్టుకున్నాను, కుడి చేత్తో ఆయన పానా తిప్పాడు. రెండు స్క్రూలు తుప్పు పట్టి కదలలేదు. పక్కన పంక్చర్ షాపు నడిపే తమ్ముడు వచ్చి తిప్పబోతే మా ఆయన ఊరుకోలేదు. ఆ తమ్ముడు గాలి మిషన్ పైపు మాత్రం ఇచ్చి, దూరంగా కూర్చున్నాడు. నేను అన్నీ కడిగాను. సన్న రంధ్రాల్లో గాలి కొట్టాను. పాత సూది మొన మీద గోటితో గీసినట్టు చుట్టూ గీత పడి ఉంది. తప్పు అక్కడే. ఆయన ముందే చెప్పాడు, అదే అయింది. ఆయన మొహం జర తెరిపిన పడింది. నేను ఎదురు దుకాణానికి పోయి కొత్త సూది తెచ్చాను.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. సూది బిగించాక, కార్పేటర్‌ను బండికి ఎక్కించే ముందు, దాన్ని తలకిందులు చేసి పెట్రోలు పైపు తగిలించే ముక్కును నోట్లో పెట్టుకుని గాలి గుంజుతారు. గుంజి, ఆ రంధ్రం మీద నాలుక ఆనిస్తారు. సూది సరిగ్గా కూర్చుంటే నాలుక అతుక్కుని ఉండిపోతుంది. ముప్పై లెక్కపెట్టేదాకా వదలకపోతే సూది మంచిది. వదిలితే పనికిరాదు. మా ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ ఒక నియమం పెట్టాడట: ఎవరు మూతి పెడితే వాళ్ళదే జిమ్మేదారి. దారిలో బండి ఆగినా, మంట లేచినా, అడగవలసింది మూతి పెట్టినవాణ్ణే. అందుకే షాపులో ఎంతమంది పని నేర్చుకున్నా మా ఆయన కార్పేటర్‌కు వేరేవాళ్ళ మూతి తగలనివ్వలేదు. నేను అన్నేళ్ళు కడిగి ఇచ్చాను. ఒక్కసారి కూడా నోట్లో పెట్టలేదు.

మొదటి సూది వేసి, ఆయన గుంజాడు. వదిలింది. మళ్ళీ గుంజాడు. వదిలింది.

"పట్టుతలేదే. డూప్లికేట్ మాల్ అంటగట్టిండు. వాపస్ ఇచ్చి ఇంకోటి తే."

నేను పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి చూశాను. ఆయన గుంజినప్పుడు కుడి పక్క పెదవి బిగుసుకుంది. ఎడమ పక్క, కార్పేటర్ ముక్కుకూ పెదవికీ మధ్య, వేలు దూరేంత సందు. గాలి అటు నుంచి పోతోంది. సన్నగా చప్పుడు కూడా వస్తోంది. ఆయనకు ఆ పక్క ఏమీ తెలియదు. నెక్కొండ ఆసామి కూడా చూశాడు. చూసి, తన చెప్పుల వంక చూసుకున్నాడు.

మా ఆయన చేతులు కడుక్కోవడానికి వెనక డ్రమ్ము దగ్గరికి కాలీడ్చుకుంటూ పోయాడు. కార్పేటర్ నా చేతిలో ఉంది. ఎందుకు చేశానో చెప్పలేను. అటు తిరిగి నోట్లో పెట్టుకుని గుంజాను. పెట్రోలు చేదు గొంతు దాకా పోయింది. నాలుక అతుక్కుంది. ముప్పై లెక్కపెట్టాను, నలభై లెక్కపెట్టాను. లాగి తీయవలసి వచ్చింది. సూది మంచిది.

అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు. ఎదురు దుకాణానికి పోయి రెండో సూది తెచ్చాను. దుకాణం ఆయన మొదటిదాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ఏమీ అనకుండా అంగీ జేబులో వేసుకున్నాడు.

రెండోదీ వదిలింది.

మూడో సూది తీసుకుని దుకాణం ఆయనే రోడ్డు దాటి వచ్చాడు. మా ఆయన కంటే చిన్నవాడు. సీలు వేసిన పొట్లం అందరి ముందూ చింపి, సూది తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. అదీ వదిలింది. వదలగానే మా ఆయన నోటికి వచ్చినట్టు అన్నాడు. తాను చావలేదని, ఇంకా బతికే ఉన్నానని, పక్షవాతం వచ్చినోడికి చెత్త మాల్ ఇస్తే చెల్లుతుందనుకున్నావా అని అడిగాడు. మాట మందం కాబట్టి దుకాణం ఆయనకు సగం అర్థం కాలేదు. అర్థమైన సగం చాలు.

"అన్నా, ఇన్నేండ్ల సంది నా దగ్గర్నే తీసుకపోతున్నవ్. ఎన్నడన్న నీకు దొంగ మాల్ ఇచ్చిన్నా?" అన్నాడు. గొంతు పెంచలేదు. నా వంక చూశాడు. నేను చెప్తానేమో అని చూశాడు.

పంక్చర్ తమ్ముడు తేలిక చేద్దామనుకున్నాడు.

"ఏందన్నా, మూడు సంబంధాలు చూసినవ్, ఒక్కటీ నచ్చలేదా? సూదికి గూడ జాతకం చూడాలంటవా?"

ఎవరూ నవ్వలేదు. చాయ్ తెచ్చిన ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టి, పోకుండా నిలబడింది. నెక్కొండ ఆసామి లేచి, ఇవాళ వద్దులే, నేను కాక్ తిప్పుకుంటూ పోతాను, వచ్చే వారం వస్తాను అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ మాటతో మా ఆయన మొహం మారింది. కార్పేటర్ సామాను కడిగే తొట్టిలో పెట్టేశాడు. నేను తాళంచెవి ఎక్కడుందో చూశాను. మేకుకు వేలాడుతోంది. ఇంతే, అయిపోయింది అనుకున్నాను. బాధ కూడా అనిపించలేదు. మధ్యాహ్నం పప్పు సరిపోతుందా లేదా అని ఆలోచన వచ్చింది.

ఆయన తాళంచెవి తీయలేదు. పై అరలో నుంచి వాల్వులు రుద్దే పేస్టు డబ్బా తీశాడు. దాని మీద పేరు రాసింది నేనే. సూదుల్లో తప్పు లేకపోతే సూది కూర్చునే చోటే అరిగి ఉంటుందని, దాన్ని రుద్ది నున్న చేస్తానని చెప్పాడు. పాత సూది మొనకు పుల్లతో పేస్టు పూశాడు.

ఆ చోటు ఇత్తడి. మెత్తగా ఉంటుంది. నాలుగు తిప్పులు ఎక్కువైతే అందులో ఇక ఏ సూదీ నిలవదు. ఆ బండి పార్టులు రావడం ఆగిపోయి ఏళ్ళయింది. కార్పేటర్ బాడీ వరంగల్‌లోనే కాదు, ఎక్కడ వెతికినా దొరకదు. ఇది నాకు చెప్పింది ఆయనే. అదీ కాక, ఆయన రుద్దుతాడు, నోట్లో పెట్టి గుంజుతాడు, వదులుతుంది, మళ్ళీ రుద్దుతాడు. ఆయన మూతి ఒప్పుకునేదాకా రుద్దుతాడు. ఆ మూతి ఒప్పుకోదు. ముప్పై ఏళ్ళు ఆయనే కాపాడిన బండిని ఆయన చేతితోనే పాడు చేస్తాడు. ఆ తర్వాత అసలు సంగతి ఎవరో ఒకరు నవ్వుతూ చెప్తారు.

కార్పేటర్‌ను తలకిందులుగా పట్టుకోమని నాకు ఇచ్చాడు. నేను పట్టుకోలేదు. వెనక్కు తీసుకున్నాను. గడియారం చూశాను, అది నా అలవాటు.

"సూది మంచిగనే ఉన్నది," అన్నాను. "మూడూ మంచియే. కారేది నీ మూతి. ఎడమ దిక్కు మూసుకుంటలేదు. గాలి అటునుంచి పోతాంది. నీకు తెలుస్తలేదు."

ఇదీ నేను అన్న మాట. తగ్గించలేదు, పెంచలేదు.

ఆయన పేస్టు పూసిన సూదిని పట్టుకుని అలాగే ఉన్నాడు.

"నీకెట్ల తెలుసు?"

"నేను పట్టి చూసిన."

"మూతి పెట్టినవా?"

"పెట్టిన. మొదటి సూదికే."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. ఆయన నన్ను కొడతాడేమో అని ఒక క్షణం అనిపించింది. పెళ్ళయినప్పటి నుంచీ ఒక్కసారి కూడా కొట్టలేదు, అయినా అనిపించింది. ఆయన సూదిని గుడ్డ మీద పెట్టి, నీళ్ళు ఇమ్మన్నాడు. గ్లాసు ఇచ్చాను. తాగాడు. ఎడమ మూల నుంచి నీళ్ళు కారాయి. గడ్డం మీదికి వచ్చి, కింద పెట్రోలు తొట్టి రేకు మీద చుక్కలు పడ్డాయి. చప్పుడు వినిపించింది. నా చెయ్యి కొంగు దాకా పోయింది. ఆపుకున్నాను. నాలుగు నెలల్లో తుడవకుండా ఉన్నది అదే మొదటిసారి. ఆయన వంగి రేకు మీద చుక్కలు చూశాడు. తర్వాత కుడి చేత్తో గడ్డం తడిమి, తడి చేతిని చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

ఇంకో మనిషైతే ఆ పూట లేచి ఇంటికి పోయేవాడు. ఈయన కారుతున్నదాన్ని చూశాడు. చూశాక ఇక ఆయనకు అది కూడా ఒక పనే.

"మొదటిది ఏది?" అని దుకాణం ఆయనను అడిగాడు. ఆయన అంగీ జేబులో నుంచి తీసి ఇచ్చాడు. నేను దాన్ని వేసి, ఫ్లోట్ పెట్టి, తలకిందులు చేశాను. మా ఆయన కుడి చేతి రెండు వేళ్ళతో ఎడమ మూల పెదవులు రెండూ కలిపి నొక్కి పట్టుకున్నాడు. ఇక పట్టుకోవడానికి ఆయనకు చెయ్యి లేదు. "పెట్టు," అన్నాడు. నేను రెండు చేతులతో కార్పేటర్‌ను ఆయన నోటికి అందించాను. పసిపిల్లలకు పాలు పట్టినట్టు ఉంది. ఆయన కళ్ళు మూసుకుని గుంజాడు. నాలుక అతుక్కుంది. నాకు చేతుల్లో తెలిసింది, కార్పేటర్ కొంచెం అటు లాగినట్టయింది. నేను గడియారం ముల్లు చూస్తూ ఉన్నాను. అర నిమిషం దాటింది. ఆయన వదలలేదు. నేనే లాగాను.

దుకాణం ఆయనకు క్షమాపణ ఏమీ చెప్పలేదు. మూడు సూదులకూ డబ్బులు తీసుకొమ్మన్నాడు. దుకాణం ఆయన ఒక్కదానికే తీసుకుని, మిగిలిన రెండూ జేబులో వేసుకుని రోడ్డు దాటి పోయాడు.

బండికి ఎక్కించాం. కాక్ తిప్పి, అడుగున అట్టముక్క పరిచాం. నెక్కొండ ఆసామి గొంతుక్కూర్చుని ఆ అట్టనే చూస్తూ కూర్చున్నాడు. చాయ్ తాగాడు, ఇంకో చాయ్ తాగాడు. అట్ట పొడిగానే ఉంది. మూడో కిక్కుకు బండి లేచింది. పొగ షాపు లోపలికి కొట్టింది. పోయే ముందు ఆయన మా ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో అనబోయాడు. మా ఆయన అననివ్వలేదు.

"మల్ల కారితే నన్ను అడగకు. మూతి పెట్టింది గామె. గామెనే అడుగు," అన్నాడు.

నన్ను చూపించను కూడా చూపించలేదు. బండి వైపే చూస్తూ అన్నాడు.

నెక్కొండ ఆసామి నా వంక తిరిగి, "మరి నీకే చెప్తున్న చెల్లె, నెక్కొండ చేరేలోపు ఆగితే నీ ఇంటికే వస్త," అన్నాడు. రమ్మన్నాను. బండి ఆగలేదు. ఇప్పటిదాకా ఆగలేదు.

సాయంత్రం షట్టర్ దించాం. ఆయన తాళం వేశాడు. చెవి తన జేబులో పెట్టుకోకుండా నా చేతికి ఇచ్చాడు. బుధవారం పొద్దున మేలుకుని, గుండీలు పెట్టమని నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. పెట్టాను. షాపుకు పోయాం. ఆ రోజు ఒక చైను పని, ఒక బ్రేకు పని వచ్చాయి. అప్పటి నుంచి కార్పేటర్ వస్తే విప్పేది ఇద్దరం, మూతి పెట్టేది నేను. నేను పట్టిందంటే ఆయన మళ్ళీ చూడడు. వదిలిందంటే ఎందుకని అడగడు, సూది మార్చమంటాడు. రోజంతా నా నోట్లో పెట్రోలు రుచి ఉంటుంది. అన్నం రుచి ఎలాగూ తెలియడం లేదు కాబట్టి పెద్ద తేడా లేదు.

అద్దం తీసి గోడకు పెట్టాను. కాగితంలో ఒక లైను అప్పుడు చదవలేదని, ఆ లైను ఇదీ అని చెప్పాను. ఆయన విన్నాడు. కొన్ని రోజులు పానా ఇయ్యి, పకడ్ ఇయ్యి, పట్టుకో, వదులు, ఇంతకు మించి నాతో మాట లేదు. అద్దం ముందు కూర్చుంటున్నాడు. చాయ్ తాగేటప్పుడు ఎడమ మూలను రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుంటున్నాడు. నేను తుడవడం లేదు. ఎప్పుడైనా కారితే తనే తుడుచుకుంటాడు, ఒక్కోసారి తుడుచుకోడు.

ఒక పూట అన్నం తింటూ తినడం ఆపి, కంచం వంక చూస్తూ అన్నాడు.

"అందరి ముందట అన్నవ్."

ఇదే ఆయన ఎత్తిన ఒక్కసారి. ఇంటికి పోయాక చెప్పి ఉండవచ్చు గదా అని ఆయన అడగలేదు. అడిగితే పేస్టు డబ్బా గురించి చెప్పేదాన్ని. ఆయనకూ అది తెలుసు. తెలిసినా ఆ మాట ఆయనలో ఉంది. ఉండనీ.

అందరూ అంటే ఎవరెవరో ఇక్కడ రాస్తున్నాను. తర్వాత లెక్క పెరగకుండా.

నెక్కొండ ఆసామి, బండి సీటు మీద ఒక చెయ్యి వేసి. ఎదురు పార్టుల దుకాణం ఆయన, జేబులో మొదటి సూదితో. పక్క పంక్చర్ షాపు తమ్ముడు. చాయ్ తెచ్చిన ఆమె, గ్లాసుల కోసం ఆగింది. పంక్చర్ షాపు ముందు స్కూటీ ఆపుకుని ఒక అమ్మాయి, ఫోన్లో మాట్లాడుతోంది, ఆమె విన్నదో లేదో తెలియదు. మా ఆయన. కార్పేటర్ పట్టుకుని నేను.